రేడియేటర్లు ఈల వేస్తున్నాయా? ముందు బైపాస్ వాల్వ్ ఎక్కడుందో వెతకండి

నవంబరు వచ్చిందంటే మా రెడింగ్ తెలుగు వాట్సాప్ గ్రూపులో దీపావళి ఫొటోల వెనకాలే బాయిలర్ ప్రశ్నలు మొదలవుతాయి. "అక్కా, రాత్రి పడుకోగానే బెడ్‌రూమ్ రేడియేటర్ సన్నగా ఈల వేస్తోంది, బాబు లేచి కూర్చుంటున్నాడు." "హీటింగ్ ఆపేశాక కూడా బాయిలర్‌లో కెటిల్ మరిగినట్టు చప్పుడొస్తోంది, టెన్షన్‌గా ఉంది." "పై గది రేడియేటర్ గోరువెచ్చగానే ఉంటోంది, బాయిలర్ మాత్రం నాలుగైదు నిమిషాలకోసారి ఆగి మళ్లీ అంటుకుంటోంది." ఆఫీసు భవనాల్లో హీటింగ్, కూలింగ్ సిస్టమ్‌లని సెట్ చేసి అప్పగించడం నా ఉద్యోగం. కాబట్టి ఇవన్నీ నాకే వస్తాయి. వెళ్లినచోట పకోడీలు పెడతారు, నాకేం బాధ లేదు.

ఈ మూడు ఫిర్యాదులకీ వేరే కారణాలు ఉండొచ్చు. కానీ నేను మొదట చూసేది మాత్రం బైపాస్ వాల్వ్‌నే. ఇల్లు కొన్నవాళ్లలో చాలామందికి అలాంటిది ఒకటి ఉంటుందనే తెలియదు. కొనేముందు చేయించే సర్వే రిపోర్టులో దాని ఊసుండదు, ఏటా వచ్చే బాయిలర్ సర్వీసులో కూడా దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఇక్కడ ఇంగ్లండ్‌లో మామూలుగా కనిపించే గ్యాస్ బాయిలర్, నీళ్ల రేడియేటర్లు ఉన్న ఇళ్ల గురించే చెప్తున్నా. అమెరికాలో గాలి ఊదే ఫర్నేస్ ఉన్న ఇళ్లకి ఇది పనికిరాదు. ఇంకో మాట. గ్యాస్ పైపు ముట్టుకునే పనీ, బాయిలర్ కేసు విప్పే పనీ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీరుదే. ఇంటికొచ్చిన మనిషి కార్డు చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ఆయన ఏయే పనులకి అర్హుడో కార్డు వెనకవైపు ఉంటుంది. కింద నేను చెప్పేదంతా బాయిలర్ బయట, నీళ్ల పైపుల మీద చేసే పని.

దారులన్నీ మూసుకుంటే నీళ్లెటు పోవాలి?

బాయిలర్ నీళ్లని వేడి చేస్తుంది, పంపు తోస్తుంది. వేడినీళ్లు ఫ్లో పైపులో రేడియేటర్లకి వెళ్లి, గదులకి వేడినిచ్చి, చల్లబడి రిటర్న్ పైపులో వెనక్కొస్తాయి. దాదాపు ప్రతి రేడియేటర్‌కీ ఒక చివర అంకెలున్న తల ఉంటుంది, 1 నుంచి 5 దాకా. అదే టీఆర్‌వీ (థర్మోస్టాటిక్ రేడియేటర్ వాల్వ్). గది సరిపడా వెచ్చబడగానే అది తనంతట తనే మూసుకుంటుంది. రెండో చివర ప్లాస్టిక్ టోపీ కింద ఉండేది లాక్‌షీల్డ్. ఏ రేడియేటర్‌కి ఎన్ని నీళ్లు పోవాలో ఒకసారి సరిచేసి దాన్ని వదిలేస్తారు.

సాయంత్రం ఏడింటికి ఇల్లంతా వెచ్చబడిందనుకోండి. టీఆర్‌వీలు ఒక్కొక్కటీ మూసుకుంటూ వస్తాయి. పంపుకి ఆ సంగతి తెలియదు, అది తోస్తూనే ఉంటుంది. పది రేడియేటర్లలోంచి పోవాల్సిన నీళ్లు ఇంకా కాస్త తెరుచుకుని ఉన్న రెండు సందుల్లోంచి దూరాలి. అక్కడే ఈల పుడుతుంది. టీఆర్‌వీకి అటూ ఇటూ ఒత్తిడి తేడా సుమారు 0.2, 0.3 బార్ దాటితే చాలా వాల్వులు చప్పుడు చేస్తాయి. మామూలు ఇంటి పంపు దారులన్నీ మూసేస్తే 0.5, 0.6 బార్ దాకా తోయగలదు.

చప్పుడు చెవికి ఇబ్బంది, అంతే. అసలు నష్టం బాయిలర్ లోపల జరుగుతుంది. ఈ కాలం బాయిలర్లలో వేడి ఎక్కే భాగంలో ఉండే నీళ్లు చాలా తక్కువ. ప్రవాహం ఆగితే ఆ కాసిని నీళ్లూ అక్కడే సలసల మరిగి బుడగలు కడతాయి. కెటిల్ చప్పుడుకి ఒక కారణం ఇది (లోపల సున్నం పేరుకున్నా అదే చప్పుడు వస్తుంది, మన వైపు నీళ్లలో సున్నం ఎక్కువ). ఇంకా వేడెక్కితే బాయిలర్ తనని తాను కాపాడుకోవడానికి లాకౌట్‌లోకి వెళ్తుంది, అంటే రీసెట్ చేసేదాకా ఆగిపోతుంది. మంట ఆరిపోయాక కూడా లోపలి లోహంలో బోలెడు వేడి మిగిలి ఉంటుంది. దాన్ని బయటికి తీసుకుపోవడానికి పంపు ఇంకొన్ని నిమిషాలు తిరుగుతుంది. దీన్ని పంప్ ఓవర్‌రన్ అంటారు. సరిగ్గా ఆ సమయానికే మోటరైజ్డ్ వాల్వులు (రేడియేటర్లకీ వేడినీళ్ల సిలిండర్‌కీ దారి తెరిచి మూసే, మోటారుతో నడిచే వాల్వులు) కూడా మూసుకుంటే ఆ నీళ్లకి దారేదీ?

ఆ దారే బైపాస్. ఫ్లో పైపుకీ రిటర్న్ పైపుకీ మధ్య చిన్న అడ్డపైపు వేసి, దాని మీద స్ప్రింగ్ ఉన్న వాల్వ్ పెడతారు. చెరువుకి అలుగు ఉన్నట్టే ఇది. నీటిమట్టం అలుగు ఎత్తు దాటినప్పుడే నీళ్లు పొర్లుతాయి, మిగతా రోజుల్లో అది ఊరికే కూర్చుంటుంది. ఇక్కడ నీటిమట్టం బదులు ఒత్తిడి తేడా. స్ప్రింగ్‌ని ఎంత బిగిస్తే అలుగు అంత ఎత్తన్నమాట. మరీ కిందికి కడితే నీళ్లన్నీ అలుగు మీంచే పోయి చివరి పొలాలు ఎండుతాయి. మరీ పైకి కడితే కట్టకే ప్రమాదం. మనం తేల్చుకోవాల్సింది ఆ ఎత్తు ఎంతన్నదే.

ఒక లెక్క చెప్తా. నీళ్లు మోసుకెళ్లే వేడి కిలోవాట్లలో కావాలంటే, నిమిషానికి పారే లీటర్లని ఉష్ణోగ్రత తేడాతోనూ 0.07 తోనూ గుణిస్తే చాలు. బాయిలర్ మంట ఎంత తగ్గించినా 5 కిలోవాట్ల కంటే దిగదనుకోండి. 20 డిగ్రీల తేడాతో ఆ వేడిని మోయాలంటే నిమిషానికి మూడున్నర లీటర్లు పారాలి. బాత్‌రూమ్‌లో తువ్వాళ్లు ఆరేసే రైలు ఒక్కటే తెరిచి ఉంటే అది వదిలే వేడి కొన్ని వందల వాట్లు మాత్రమే. మిగతా వేడి ఎక్కడికి పోతుంది? బైపాస్ గుండా మళ్లీ బాయిలర్‌కే. అంటే బైపాస్ వేడిని ఖర్చు చేయదు, నీళ్లని కదిలిస్తుంది, అంతే. ఇది మనసులో పెట్టుకోండి, స్మార్ట్ వాల్వుల దగ్గర పనికొస్తుంది.

మీ ఇంట్లో అది ఎక్కడుంది?

వేడినీళ్ల సిలిండర్ ఉన్న ఇల్లయితే ముందు ఏరింగ్ కప్‌బోర్డ్ (ఆ సిలిండర్ ఉండే అలమారా) తెరవండి. మన ఇళ్లలో అక్కడ ఏముంటాయో నాకు బాగా తెలుసు: సోనా మసూరి బస్తాలు, ఊరినుంచి వచ్చిన ఆవకాయ జాడీలు, పోయిన ఏడాది బొమ్మలకొలువు అట్టపెట్టెలు. అవన్నీ పక్కకి జరపండి. పంపు కనిపిస్తుంది (కొన్ని బాయిలర్లలో అది లోపలే ఉంటుంది), దాని తర్వాత డబ్బా లాంటి తలలున్న మోటరైజ్డ్ వాల్వులు ఒకటో రెండో ఉంటాయి. పంపుకీ ఆ వాల్వులకీ మధ్య ఫ్లో పైపులోంచి ఒక కొమ్మ చీలి రిటర్న్ పైపులో కలుస్తుందేమో చూడండి. ఆ కొమ్మ మీద ఇత్తడి వాల్వ్, పైన తిప్పే ప్లాస్టిక్ టోపీ, దాని మీదో పక్కనో 0.1, 0.2, 0.3 అని అంకెలు ఉంటే అదే ఆటోమేటిక్ బైపాస్. కొన్నింటి మీద బార్ బదులు మీటర్లలో ఉంటుంది. 1 మీటరు అంటే దాదాపు 0.1 బార్. ఒంటి మీద బాణం గుర్తు చెక్కి ఉంటుంది, అది ఫ్లో వైపు నుంచి రిటర్న్ వైపు చూపించాలి. తిరగేసి బిగించింది ఎంత తిప్పినా తెరుచుకోదు.

అంకెలేమీ లేకుండా మామూలు గేట్ వాల్వ్ ఎర్ర చక్రంతోనో, లాక్‌షీల్డ్‌తోనో ఉంటే అది పాతకాలపు మాన్యువల్ బైపాస్. దాని కథ తర్వాత చెప్తా.

రెండింటిని చూసి బైపాస్ అని పొరబడే వీలుంది. వెండి రంగు అల్లిక గొట్టంతో కలిపి ఉన్న వాల్వులు సిస్టమ్‌లోకి నీళ్లు నింపేవి. ఎర్రటి టోపీ ఉండి, దాన్నుంచి రాగి పైపు గోడ బయటికి పోతుంటే అది 3 బార్ దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వ్. దాని జోలికి అసలు పోకండి. అలాగే బాయిలర్ ముందున్న గేజ్‌లో కనిపించే 1 నుంచి 1.5 బార్‌కీ బైపాస్ మీది 0.2కీ సంబంధం లేదు. గేజ్ చెప్పేది సిస్టమ్ మొత్తంలో ఉన్న ఒత్తిడి, బైపాస్ చూసేది ఫ్లోకీ రిటర్న్‌కీ మధ్య తేడా.

కాంబీ బాయిలర్ (సిలిండర్ లేకుండా కుళాయి నీళ్లని కూడా అప్పటికప్పుడే వేడి చేసేది) అయితే చాలావాటిలో బైపాస్ లోపలే ఉంటుంది. కిందున్న మూత తెరిస్తే మోడల్ పేరు కనిపిస్తుంది. దాని ఇన్‌స్టలేషన్ మాన్యువల్ తయారీదారు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందులో బైపాస్ అన్న మాట కోసం వెతకండి. బయట ఇంకోటి అవసరమా, కనీస ప్రవాహం ఎంత ఉండాలి, రెండూ అక్కడే ఉంటాయి. లోపలి బైపాస్‌ని మార్చాలంటే అది కేసు విప్పే పని, మీది కాదు.

ఇక ఏ వాల్వూ లేకుండా హాల్లోనో బాత్‌రూమ్‌లోనో ఒక రేడియేటర్‌కి టీఆర్‌వీ పెట్టకుండా వదిలేసిన ఇళ్లున్నాయి. మరచిపోయి కాదు, అదే బైపాస్ అని వదిలేశారు. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు "ఇదొక్కదానికీ లేదేంటి" అని దానికీ ఒకటి తగిలిస్తారు. ఆ వారంలోనే నాకు ఫోన్ వస్తుంది.

పాత చక్రం వాల్వ్ మీద నా అభిప్రాయం

మాన్యువల్ బైపాస్ కొంచెం తెరిచి వదిలేసిన కన్నం. అవసరం ఉన్నా లేకపోయినా దాంట్లోంచి వేడినీళ్లు పోతూనే ఉంటాయి. పాత బాయిలర్లకి అది పెద్ద తప్పు కాదు. ఇంగ్లండ్‌లో 2005 ఏప్రిల్ నుంచి కొత్త గ్యాస్ బాయిలర్ దాదాపు ప్రతిదీ కండెన్సింగ్ రకమే అయ్యుండాలి. అది గ్యాస్ ఆదా చేసేది పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా లాక్కున్నప్పుడు. అలా జరగాలంటే తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి, ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. ఆ కన్నంలోంచి 65 డిగ్రీల నీళ్లు నేరుగా రిటర్న్‌లో కలుస్తుంటే ఇక కండెన్సింగ్ ఎక్కడ జరుగుతుంది? మీరు డబ్బు పెట్టి కొన్న మంచి బాయిలర్ పాతదానిలాగే పనిచేస్తుంది. బాయిలర్ మార్చి చక్రాన్ని మాత్రం అలాగే ఉంచిన ఇళ్లు మా చుట్టుపక్కల బోలెడు. మార్చేయండి. ఆటోమేటిక్ వాల్వ్ ధర 20 నుంచి 40 పౌండ్లు, ఖర్చంతా మనిషి కూలీలోనే ఉంటుంది.

జబ్బు ఎక్కడుందో పైపే చెప్తుంది

ఇల్లు చల్లగా ఉన్నప్పుడు టీఆర్‌వీలన్నీ పూర్తిగా తెరిచి హీటింగ్ వేయండి. పది నిమిషాలయ్యాక బైపాస్ దాటిన తర్వాత ఉన్న పైపుని, వాల్వ్‌కి జానెడు దూరంలో, వేలితో ఒక్క క్షణం తాకి చూడండి. పట్టుకోవద్దు, 65 డిగ్రీల రాగి పైపు చేతిని కాలుస్తుంది. నేనైతే పైపుకి తగిలించే చవక క్లిప్ థర్మామీటర్లు వాడతా. అన్ని రేడియేటర్లూ తెరిచి ఉన్నప్పుడు ఈ ముక్క చల్లగా ఉండాలి. కాలుతుంటే వాల్వ్ మరీ తక్కువలో పెట్టి ఉంది, లేదా మురికి ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోయింది.

లోయర్ ఎర్లీలో ఒకరింట్లో ఇలాగే జరిగింది. 80ల్లో కట్టిన ఇల్లు, పై అంతస్తులో చివరి గది ఎంతకీ వెచ్చబడదు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆ గదిలోనే ఉన్నారు. పెద్దాయన ఇంట్లోనే మంకీ క్యాప్, స్వెట్టర్, పైన శాలువా. ప్లంబర్ వచ్చి రేడియేటర్ పెద్దది వేయించుకోమని చెప్పి వెళ్లాడట. కప్‌బోర్డ్‌లో బియ్యం బస్తా జరిపితే వెనక బైపాస్ టోపీ 0.1 దగ్గర ఉంది. బస్తా తోసినప్పుడల్లా టోపీకి రాసుకుని అలా తిరిగిందో, మొదటే అలా పెట్టారో తెలియదు. థర్మామీటర్లు తగిలించాం: ఫ్లో 68, బైపాస్ తర్వాతి పైపు 66, రిటర్న్ అప్పుడే 60 దాటేసింది, చివరి గది రేడియేటర్ పైభాగం మాత్రం 38. వేడి గదికి చేరకుండానే బాయిలర్‌కి తిరిగొచ్చేస్తోంది. తిరిగొచ్చే నీళ్లు అంత వేడిగా ఉండేసరికి ఇక చాలనుకుని బాయిలర్ ఆగిపోతోంది, మళ్లీ అంటుకుంటోంది. టోపీని 0.3 కి తిప్పాం. టీ తాగేలోపు ఆ రేడియేటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. పెద్దాయన శాలువా తీసి పక్కన పెట్టి, "పైపు తిప్పితే అయిపోయేదానికి రేడియేటర్ కొనమన్నాడా వాడు" అన్నారు.

దీనికి తలకిందులుగా ఉండేది రెండో జబ్బు. ఇల్లు వెచ్చబడి టీఆర్‌వీలు మూసుకున్నా బైపాస్ పైపు చల్లగానే ఉంటే వాల్వ్ ఎక్కువలో బిగిసి ఉంది, లేదా తుప్పు మురికితో పట్టేసింది, లేదా తిరగేసి ఉంది. ఈలలు, కెటిల్ చప్పుడు, లాకౌట్లు వచ్చేది ఈ ఇళ్లలోనే.

సెట్ చేసే పద్ధతి

టోపీ ముట్టుకునే ముందు ఇప్పుడున్న అంకెని ఫొటో తీసుకోండి. తర్వాత పంపు చూడండి. పాత రకం పంపు మీద I, II, III అని మీట ఉంటే చాలా ఇళ్లలో అది III మీద ఉంటుంది, ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. II కి దించి ఒక సాయంత్రం నడపండి. అన్ని రేడియేటర్లూ వేడెక్కుతుంటే అక్కడే ఉంచేయండి. సగం ఇళ్లలో ఈల ఇక్కడే ఆగిపోతుంది, బైపాస్ దాకా పోనక్కర్లేదు. రేడియేటర్లలో గాలి ఉంటే తీసేయండి. కొన్ని కాలిపోతూ కొన్ని చల్లగా ఉంటే ముందు లాక్‌షీల్డ్‌లతో సరిచేసుకోండి. అవి సరిగా లేకుండా బైపాస్ సెట్ చేస్తే మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఇప్పుడు టీఆర్‌వీలన్నీ 5 మీద, గది థర్మోస్టాట్ 28 మీద పెట్టండి. వేడినీళ్ల సిలిండర్ ఉంటే దాని టైమర్ ఆపి, హీటింగ్ ఒక్కటే నడపండి. ఇరవై నిమిషాలు పోనివ్వండి. బైపాస్ టోపీకి చిన్న లాకింగ్ స్క్రూ ఉంటే వదులు చేసి, టోపీని అన్నిటికంటే పెద్ద అంకెకి తిప్పండి. అంటే దాదాపు మూసినట్టే. బైపాస్ తర్వాతి పైపు చల్లబడేదాకా ఆగండి. వాల్వ్ ఇత్తడిది కాబట్టి దాన్ని ఆనుకున్న చోటు కాస్త వెచ్చగా ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి.

తర్వాత టోపీని కొంచెం కొంచెంగా దించండి. ఒకసారికి 0.05 చాలు. దించిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఆగండి. ఇక్కడ తొందరపడితే ఏ అంకె దగ్గర తెరుచుకుందో తెలియదు. ఒక చోట పైపు ఒక్కసారిగా వేడెక్కడం మొదలవుతుంది, చెవి దగ్గర పెడితే సన్నగా నీళ్లు జారుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. రేడియేటర్లన్నీ తెరిచి ఉండగానే నీళ్లు పొర్లుతున్న ఎత్తు అది. అక్కడినుంచి కాస్త పైకి తిప్పి పైపు మళ్లీ చల్లబడనివ్వండి. చాలా ఇళ్లలో ఇది 0.15, 0.3 మధ్య ఎక్కడో వస్తుంది, కానీ అంకె కంటే పైపు చెప్పేదే నమ్మండి.

ఇప్పుడు రెండో సగం, చాలామంది చేయకుండా వదిలేసేది. గది థర్మోస్టాట్ ఉన్న గది రేడియేటర్ ఒక్కటీ వదిలి మిగతా టీఆర్‌వీలన్నీ మూసేయండి. మూసుకోవడానికి వాటికి కాస్త టైమ్ పడుతుంది. బైపాస్ పైపు వేడెక్కాలి. ఇల్లంతా ఒక్కసారి తిరిగి చెవి పెట్టి వినండి. ఈల లేకపోతే, బాయిలర్ లాకౌట్ కాకుండా నెమ్మదిగా మంట తగ్గించుకుంటే లేదా మామూలుగా ఆగిపోతే పని అయింది. ఇంకా ఈల ఉంటే మరో 0.05 దించి చూడండి. స్క్రూ బిగించి, మాస్కింగ్ టేప్ మీద అంకె, తేదీ రాసి పైపుకి అంటించండి.

కొన్ని ఇళ్లలో ఎంత తిప్పినా రెండూ కుదరవు: దించితే చివరి గది చల్లబడుతుంది, పెంచితే ఈల వస్తుంది. పెన్సిల్ కంటే కాస్త లావుగా మాత్రమే ఉండే 8, 10 మిల్లీమీటర్ల మైక్రోబోర్ పైపులున్న 70ల, 80ల ఇళ్లలో ఇది ఎక్కువ. ఆ సన్న పైపుల్లో నీళ్లు తోయడానికే పంపు బలం చాలావరకు కావాలి, కాబట్టి బైపాస్‌కి మిగిలే ఎడం చాలా తక్కువ. అలాంటప్పుడు ఒకటి రెండు రేడియేటర్లని ఎప్పుడూ తెరిచి ఉంచడమే తెలివైన పని.

స్మార్ట్ టీఆర్‌వీలు కొనేముందు

బ్లాక్ ఫ్రైడేకి ఇంట్లో అన్ని రేడియేటర్లకీ స్మార్ట్ తలలు కొనేవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా. పాత టీఆర్‌వీలు ఒక్కొక్కటీ నెమ్మదిగా, వేర్వేరు సమయాల్లో మూసుకునేవి. స్మార్ట్‌వి షెడ్యూల్ ప్రకారం పొద్దున్న తొమ్మిదింటికి అన్నీ ఒకేసారి మూసుకుంటాయి. పంప్ ఓవర్‌రన్‌కి దారి లేకపోతే ఆ క్షణంలోనే బాయిలర్ గొణగడం మొదలుపెడుతుంది. కాబట్టి అన్నీ మార్చేముందు బైపాస్ ఉందో లేదో, పనిచేస్తోందో లేదో పైన చెప్పినట్టు చూసుకోండి. లేకపోతే హాల్, బాత్‌రూమ్ రేడియేటర్లకి తలలు పెట్టకుండా వదిలేయండి.

బైపాస్ ఉన్నా సమస్య ఇంకోటి ఉంది. ఇంటినుంచి పనిచేసే మీరు ఆఫీసు గది ఒక్కటే వేడి చేసుకుంటున్నారు. ఆ రేడియేటర్ 1 కిలోవాట్, బాయిలర్ 5 కంటే కిందికి దిగదు. మిగిలిన 4 బైపాస్ గుండా చక్కర్లు కొట్టి వెనక్కొస్తాయి, బాయిలర్ ఆగుతుంది, మళ్లీ అంటుకుంటుంది, రోజంతా ఇదే తంతు. బైపాస్ బాయిలర్‌ని కాపాడుతుంది కానీ మీ గ్యాస్ బిల్లుని కాదు. యాప్‌లో రెండు మూడు గదుల్ని కలిపి ఒకే సమయానికి పెట్టుకుంటే, ఫ్లో ఉష్ణోగ్రతని 60కి దించుకుంటే అంతకంటే ఎక్కువ మేలు. వేడి ఎవరూ అడగనప్పుడు బాయిలర్ పూర్తిగా ఆగిపోతోందో లేదో కూడా చూసుకోండి. గది థర్మోస్టాట్ లేకుండా మామూలు టీఆర్‌వీలు మాత్రమే ఉన్న ఇంట్లో, దారులన్నీ మూసుకున్నా బాయిలర్ బైపాస్ నీళ్లనే పదే పదే వేడి చేస్తూ కూర్చుంటుంది.

కొత్త రకం పంపులతో ఒక చిక్కు ఉంది. వాటిలో ప్రపోర్షనల్ ప్రెషర్ అనే మోడ్ ఉంటుంది: టీఆర్‌వీలు మూసుకుంటున్న కొద్దీ పంపు తన బలం తగ్గించుకుంటుంది. టీఆర్‌వీలకి అది హాయి. కానీ ఒత్తిడి పెరగనే పెరగదు కాబట్టి బైపాస్ తెరుచుకోదు, బాయిలర్‌కి కావలసిన కనీస ప్రవాహం అందదు. బైపాస్ మీద ఆధారపడిన సిస్టమ్‌లో కాన్‌స్టంట్ ప్రెషర్ మోడ్ నయం. మీ బాయిలర్ మాన్యువల్ పుస్తకం ఇంకోలా చెప్తే దాని మాటే వినండి.

కొత్తగా పెట్టించుకుంటుంటే

ప్లంబర్‌ని అడగాల్సినవి కొన్నే. బైపాస్ పంపు తర్వాత, మోటరైజ్డ్ వాల్వులకి ముందు రావాలి. వాటి తర్వాత పెడితే అవి మూసుకున్న రోజున అది అలంకారమే. బాయిలర్‌కి మరీ దగ్గరగా వద్దు. చాలా మాన్యువళ్లు కనీసం 1.5 మీటర్ల దూరం అడుగుతాయి, లేకపోతే అదే వేడి నీళ్లు క్షణాల్లో తిరిగొచ్చేస్తాయి. బాయిలర్ నుంచి 22 మిల్లీమీటర్ల పైపు వస్తుంటే వాల్వ్ కూడా 22దే అడగండి. టోపీ చేతికందేలా, అంకె కనిపించేలా ఉండాలి; నేల చెక్కల కింద పెట్టి కార్పెట్ వేసేసినవీ చూశాను. దీనికోసం సిస్టమ్ నీళ్లు వదలాలి కాబట్టి, మళ్లీ నింపేటప్పుడు తుప్పు పట్టకుండా ఇన్‌హిబిటర్ పోయించండి. మ్యాగ్నెటిక్ ఫిల్టర్ లేకపోతే అదీ అప్పుడే వేయించుకోండి. బైపాస్‌లు పట్టేయడానికి మొదటి కారణం ఆ నల్లటి తుప్పు మురికే.

పని అయ్యాక "సెట్ చేశారా?" అని అడగండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంకె మీదే వదిలేసి వెళ్లడం మామూలు. ఆయన ఉండగానే టీఆర్‌వీలు మూయించి పైపు వేడెక్కడం మీ కళ్లతో చూడండి.

హీట్ పంపు వేయించుకోబోతున్నవాళ్లు ఇదంతా పక్కన పెట్టండి. దానికి ప్రవాహం ఎక్కువ కావాలి, ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. బైపాస్‌లోంచి వేడి నీళ్లు రిటర్న్‌లో కలిస్తే దాని సామర్థ్యం దెబ్బతింటుంది. అక్కడ గదుల్ని తెరిచి ఉంచడమే పద్ధతి.

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకి: ఏటా చేయించే గ్యాస్ సేఫ్టీ చెక్ గ్యాస్ ఉపకరణాలకీ పొగగొట్టాలకీ సంబంధించింది. బైపాస్ ఎక్కడుందో, ఏ అంకె మీదుందో అందులో రాదు. అద్దెకున్నవాళ్లు మారినప్పుడల్లా కప్‌బోర్డ్ తెరిచి టేప్ మీది అంకె, టోపీ మీది అంకె ఒకటేనేమో చూసుకోండి. అద్దెకున్నది మీరే అయితే టోపీ తిప్పకండి. టీఆర్‌వీలన్నీ తెరిచి ఉన్నప్పుడు పైపు కాలుతోందో లేదో చూసి, ఆ అంకె ఫొటోతో ఏజెంట్‌కి ఈమెయిల్ పెట్టండి. "గది చల్లగా ఉంది" అని రాస్తే రేడియేటర్ గాలి తీసేవాణ్ణి పంపుతారు. "ఆటోమేటిక్ బైపాస్ 0.1 మీద ఉంది, అన్నీ తెరిచినా పైపు కాలుతోంది" అని రాస్తే సరైన మనిషిని పంపుతారు.